కిడ్నీ జబ్బు రాకుండానే చేసిన కిడ్నీ పథ్యం

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని నాది. ఒకరోజు పప్పు తట్ట ఎత్తుకుని తూకం దగ్గరికి పోతూ సగంలో ఆగిపోయాను. పది అడుగుల దూరం కూడా లేదు. గుండె దడదడలాడింది, చెవుల్లో హోరు. తట్ట దించి గోడకి చేరబడ్డాను. నా పక్కన కూర్చుని పనిచేసే లచ్చమ్మ వచ్చి నా కింది రెప్ప లాగి చూసింది.

"తెల్లగా ఉంది వదినా. ఓపాలి క్రియాటినిన్ సూపించుకోరాదా?"

"నోరుముయ్యి" అన్నాను.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో రక్తం తగ్గిందంటే కిడ్నీయే అనుకుంటాం. మా ఆయన దాంతోనే పోయాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నేనే తీసుకెళ్లేదాన్ని. ఆ కిడ్నీ పరీక్ష చేయించుకుంటే నేనూ ఆ మంచం ఎక్కాలి, చేయించుకోకపోతే ఎక్కక్కర్లేదు. నా తెలివి అంతవరకే.

మందుల షాపులో ఐరన్ మాత్రలు కొని నాలుగు నెలలు మింగాను. విరేచనం నల్లగా అయింది గానీ ఒంట్లోకి రక్తం రాలేదు. నాలుక మండేది. అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. కోడలు ఏమైందని అడిగితే కసురుకునేదాన్ని. చెబితే ఆసుపత్రికి లాక్కుపోతుంది. చెప్పకపోతే రోజురోజుకీ నడక పోతోంది. ఎటూ దారి లేదు.

చివరికి పనికి పోతూ మా సుమ్మాదేవి స్టేషన్లో పలాస రైలు ఎక్కబోయి పడిపోయాను. కోడలు ఆటోలో వేసి టెక్కలి ఆసుపత్రికి తీసుకుపోయింది. హిమోగ్లోబిన్ ఐదున్నర ఉంది. క్రియాటినిన్‌కీ రక్తం తీశారు.

డాక్టరమ్మ కాగితం చూసి, "కిడ్నీలు బాగున్నాయమ్మా" అంది.

"మరోపాలి సూడమ్మా."

"రెండుసార్లు చూశాను. రక్తహీనత అంటే ఒకటే రకం కాదు. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి. నీవి పెద్దవయ్యాయి, కణం సైజు చెప్పే ఎంసీవీ బాగా ఎక్కువుంది. రక్తం చుక్క గాజుపలక మీద పూసి స్మియర్ చూద్దాం, బి12 విటమిన్ కూడా. ఇంతకీ ఏం తింటావు?"

నేను నోరు తెరిచేలోపు కోడలు అందుకుంది. "ఏటి తింటాదండీ? మా మావకి వండిన సప్పిడి కూడే ఆరేళ్లుగా తింటంది. సేప ముట్టదు, గుడ్డు ముట్టదు, పాలు ముట్టదు. మావ పోయాడు గానీ పథ్యం పోనేదు."

నిజమే. డాక్టర్లు ఆయనకి చెప్పింది కొంత, ఊరు కలిపింది కొంత. ఆ పథ్యం చేస్తే నాకు కిడ్నీ జబ్బు రాదనుకున్నాను. మా వీధిలో ఇంకా ఇద్దరు ఆడవాళ్లు అలాగే తింటున్నారు.

బి12 బాగా తక్కువని తేలింది. అది చేప, గుడ్డు, పాలు లాంటివాటిలోనే ఉంటుందట, నేను మానేసినవే. తిన్నా కడుపు దాన్ని ఒంటికి పట్టనివ్వని రకం ఒకటుందట, దానికీ పరీక్ష చేసి అది కాదన్నారు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రెండో వారంలో ఆకలి పుట్టింది, నెలకి ఆయాసం పోయింది. బాగైపోయిందని ఇంజెక్షన్లు నేనే మానేశాను. పథ్యం మాత్రం మానలేదు. ఆరు నెలలకి కాళ్లు మళ్లీ మొద్దుబారాయి.

డాక్టరమ్మ ఈసారి కోప్పడింది. "రక్తం తొందరగా తేరుకుంటుందమ్మా. నరాలు అలా కాదు. ఆలస్యం చేస్తే పూర్తిగా రావు."

రాలేదు. ఇప్పుడు హిమోగ్లోబిన్ పన్నెండు. నెలకో ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. కూర్చుని పొట్టు తీస్తాను గానీ తట్ట మొయ్యను. నేల చూసుకుంటూ నడుస్తాను. కోడలు చేప ముక్క వేస్తే తింటాను, తిన్నప్పుడల్లా భయమే. జబ్బు తెస్తాయనే ఆ నీళ్లే తాగుతున్నాం, ఆ ఊళ్లోనే ఉన్నాం. ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకుంటాను.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ కాగితంలో ఎంసీవీ అని ఒకటుంటుంది. నాది అప్పుడు నూట ఇరవై, నూరు దాటకూడదట. మీకెవరికైనా రక్తం తక్కువంటే మాత్రలు కొనకముందే ఆ అంకె చూపించమని డాక్టర్‌ని అడగండి, నాది ఏ రకమని అడగండి. క్రియాటినిన్ కూడా ఆరోజే చేయించండి. కిడ్నీ అంటారేమోనని నేను దాచుకున్న నెలల్లోనే నా కాళ్లు చెడ్డాయి.