మంచుకొండల కొలువుకు నేనిచ్చిన తర్ఫీదు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూలైలో నన్ను కామారెడ్డి జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయానికి జూనియర్ ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసరుగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. పేరులో ఉపాధి ఉందన్న మాటే గానీ, అక్కడ ఉద్యోగం దొరుకుతుందని నమ్మేవాళ్లు అప్పటికే కరువయ్యారు. కార్డు రెన్యువల్ కూడా ఆన్‌లైన్ అయ్యాక మా గుమ్మం తొక్కేవాళ్లు ఇంకా తగ్గారు.

నాకు నిజంగా పని ఉన్నది ఒక్క విషయంలోనే. గల్ఫ్ కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు తర్ఫీదు ఇచ్చేదాన్ని. నిజామాబాదులో ఉన్నప్పటి నుంచీ అదే పని, అందులో నాకు పేరుంది. ఆ పేరు కొంచెం తలకెక్కింది కూడా. దాచుకుని ఏం లాభం?

ఆ సెప్టెంబరులో లైసెన్సు ఉన్న ఒక ఏజెన్సీ నుంచి ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. ఆల్ప్స్ కొండల్లో, మంచు మీద జారుతూ ఆడుకోవడానికి జనం వచ్చే ఒక రిసార్టుకు వంటింటి సహాయకులు కావాలట. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. దీన్ని సీజనల్ వర్క్ అంటారు. మంచు ఉన్నన్నాళ్లే కొలువు, కరిగితే ఇంటికి. పని నచ్చితే మరుసటి చలికాలం మళ్లీ వాళ్లనే పిలుస్తారు. హోటల్ వంటింట్లో చేసిన అనుభవ పత్రం ఉండాలన్నారు. మా జాబితాలో ఐదుగురు అర్హులు తేలారు.

వారిలో సాయిలు ఒకడు. ఎల్లారెడ్డి పక్కన పల్లె. గల్ఫ్‌లో ఒక హోటల్ వంటింట్లో పదేళ్లకు పైగా గిన్నెలు తోమి, కూరగాయలు కోసి, ఇక పోనని తిరిగొచ్చినవాడు. రెండెకరాల పొలం. వానాకాలం వరి పండుతుంది, చలికాలం వేసే యాసంగి పంటకు బోరు నీళ్లు అందవు. ఈ కొలువు అతనికి కొలతలు తీసి కుట్టినట్టుంది. పొలం బీడుగా ఉన్న నెలల్లో అక్కడ, నాట్ల వేళకు ఇక్కడ. ఇది తప్పితే మిగిలింది గల్ఫే, అదీ రెండేళ్ల కాంట్రాక్టు మీద.

రిసార్టువాళ్లు కాగితాలు చూసి ఐదుగురినీ ఒప్పుకున్నారు. ఇక వీసా అధికారి ఇంటర్వ్యూ, హిందీ దుబాసీతో, వీడియోలో. అంతకుముందు మా ఆఫీసులో ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టాను. నేను అధికారిని, వాళ్లు అభ్యర్థులు. సీజన్ అయిపోయాక ఏం చేస్తావని సాయిలును అడిగాను. అతను తడుముకోలేదు.

"ఇంటికొస్త మేడం. నాట్లుంటయి గదా. నేను లేకుంటే మా బాలమణి ఒక్కతే ఎంతని చేస్తది?"

బాలమణి అతని భార్య. అన్నేళ్లూ ఆ రెండెకరాలు చూసుకున్నది ఆమే.

నాకు చిరాకు వేసింది. "గా మాట అక్కడ అనకు. ఇంటి ముచ్చట ఎత్తినోనికి కొలువియ్యరు. ఎన్నేండ్లు ఉంచుకుంటే అన్నేండ్లు ఉంటా, సెలవు కూడా అడగ అని చెప్పు" అన్నాను. గల్ఫ్ ఇంటర్వ్యూల్లో గెలిచే జవాబు అదే. ఇల్లు గుర్తురాని మనిషే వాళ్లకు మంచి పనివాడు. సాయిలు నా ముఖం చూసి, "గట్లనే మేడం" అన్నాడు. నాలుగుసార్లు చెప్పించాను. మిగతా ముగ్గురి చేతా చెప్పించాను. ఐదోవాడు, బిచ్కుంద వైపు నడివయసు మనిషి, బస్సు తప్పిపోయి ఆ రోజు రాలేదు.

అంతటితో ఆగలేదు. సాయిలు తన ఫైలులో పట్టాదారు పాసుబుక్కు జిరాక్సు పెట్టుకున్నాడు. పొలం ఉన్నవాడు నాట్లకు పారిపోతాడని కంపెనీలు అనుమానిస్తాయి. అందుకని దాన్ని నా చేతులతో నేనే తీసేశాను.

ఏజెన్సీ పంపిన షరతుల కాగితం నా బల్ల మీదే ఉంది. పని గంటలు, వసతి, బీమా చదివాను. చివరి పేజీలో, సీజన్ ముగియగానే స్వదేశానికి తిరిగి వెళ్తారని అధికారికి నమ్మకం కలిగించాలనీ, భూమి, కుటుంబం వంటి ఆధారాలు చూపాలనీ ఉంది. ఆ పేజీ నేను తిప్పలేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నవే కదా అనుకున్నాను.

అక్టోబరు చివర్లో వీసాలు తిరస్కరించినట్టు ఉత్తరాలు వచ్చాయి. నాలుగింటిలోనూ ఒకటే కారణం. గడువు ముగిశాక దేశం విడిచి వెళ్తారన్న నమ్మకం కలగలేదు. వీసా వచ్చింది ఒక్కడికే. సోయా కుప్ప కొట్టించి పోత, ఎండకాలం మళ్లొస్త అని తనకు తోచింది చెప్పిన ఆ బిచ్కుంద మనిషికి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. పడింది నేనొక్కదాన్నే అయితే బాగుండేది.

సాయిలు, బాలమణి ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. ఉత్తరంలో ఏముందో చదివి చెప్పాను. సాయిలు నేల చూస్తూ కూర్చున్నాడు. బాలమణే అడిగింది.

"మీరే గట్ల చెప్పుమన్నరంట గదా మేడం?"

గొంతులో కోపం లేదు. ఆమె తెలుసుకోవాలనుకుంది, అంతే. అవునన్నాను. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

పునఃపరిశీలన కోరుతూ గడువు లోపల దరఖాస్తు పంపవచ్చు. నలుగురికీ నేనే రాశాను. ఈసారి సాయిలు పాసుబుక్కు జతచేశాను. జవాబు తప్పుగా నేర్పింది నేనేనని కూడా రాశాను. సంతకం కోసం పైకి పంపితే మా జిల్లా అధికారి ఆ వాక్యం కొట్టేశారు. ఆఫీసు తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. వీసా తిరస్కరణలు మన నెలవారీ నివేదికలో కాలమ్ లేని విషయం, మీరెందుకు ఇంత రాద్ధాంతం చేస్తున్నారని కూడా అడిగారు. వాదించాను గానీ గట్టిగా కాదు. రిటైర్మెంటు దగ్గరలో ఉంది. ఆ పిరికితనం నాదే. ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. నిర్ణయంలో మార్పు లేదన్నారు. ఒకసారి తిరస్కరణ పడ్డాక రిసార్టు కూడా మళ్లీ పిలవలేదు.

మే నెలలో సాయిలు ఫోన్ చేశాడు. హైదరాబాదులో ఒక గల్ఫ్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాడట. "మీరు చెప్పిందే చెప్పిన మేడం. తీసుకున్నరు" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. కృతజ్ఞతగానే చెప్పాడనుకుంటాను, అది వినడం మరీ కష్టమైంది. రెండేళ్ల కాంట్రాక్టు. ఆ వానాకాలం నాట్లు బాలమణి కూలీలను పెట్టి వేయించిందని తర్వాత తెలిసింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. షరతుల కాగితం ఆఖరి పేజీ దాకా చదవండి. గెలిచే జవాబు అంటూ ఒకటి ఉండదు, అడిగేవాడిని బట్టి మారుతుంది. అన్నింటికన్నా ముందు, ఎదుట కూర్చున్న మనిషి మొదట చెప్పిన మాట వినండి, దిద్దే పని తర్వాత. సాయిలుకు తర్ఫీదు అవసరం లేదు. అది గుర్తించడం నా ఉద్యోగంలో భాగమే, నేను చేయలేదు.