నీళ్ళాయన డబ్బా

పాలకేంద్రంలో ఆయన్ని అందరూ నీళ్ళాయన అనేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఒకే బల్ల వెనక కూర్చున్నాడు. లాక్టోమీటరు గొట్టాన్ని పాలలో వదిలేవాడు, అది లోతుగా మునిగిందంటే "నీళ్ళు!" అని అరిచి క్యానుని కాలితో వెనక్కి నెట్టేవాడు. బతిమాలేవాళ్ళ మొహమైనా చూసేవాడు కాదు.

ఇప్పుడా మనిషి గుండెకు బైపాస్ చేయించుకుని, ఐదోరోజు వార్డులో మంచం మీద ఉన్నాడు. గుండె కుదుటపడింది గానీ రక్తంలో ప్లేట్‌లెట్లు రెండు లక్షల నుంచి యాభై ఎనిమిది వేలకు జారాయి.

"ఆపరేషన్లో రక్తాన్ని మిషనులో తిప్పుతాం కాబట్టి కొంత తగ్గడం మామూలే" అన్నాడు డాక్టరు. "ఇంతగా పడిపోయినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. మీవి ఇప్పటికే మొండికేశాయి. సాయంత్రానికి మూడొందల మిల్లీలీటర్ల మూత్రమైనా రాకపోతే డయాలిసిస్ తప్పదు."

నీళ్ళాయన తోడబుట్టిన తమ్ముడు ఆ డయాలిసిస్ మంచం మీదే పోయాడు.

పొద్దున వచ్చింది నూట ఇరవై. మధ్యాహ్నం ఎంత ముక్కినా ముప్ఫై దాటలేదు. తాగడానికి కొలిచి ఇచ్చిన నీళ్ళని, నాలుక పిడచకట్టుకుపోతున్నా తాగకుండా, రెండొందల గీత దాకా యూరిన్ డబ్బాలో ఒంపేశాడు.

డబ్బాలు కొలిచే పని ఆయాది. ఇరవై ఏళ్ళ కిందట ఆమె ఒంటి గేదె పాలు కేంద్రానికి తెచ్చేది. ఒకనాడు అందరి ముందూ "నీళ్ళు!" అని ఆమె క్యాను నెట్టి, మర్నాటి నుంచి రావద్దన్నాడు. గేదెని అమ్మేసి ఆసుపత్రి నేల తుడవడానికి చేరింది. వార్డులో చూసిన మొదటిరోజే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. పైకి మాత్రం ఎరగనట్టే ఉన్నారు.

"ఎంతయిందండీ?"

"రెండొందలు. ఇప్పుడే పోశాను. రాసుకో."

ఆయా డబ్బా ఎత్తి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇప్పుడే పోశారా?"

"చెవుడా నీకు?"

"ఒంట్లోంచి ఇప్పుడే వచ్చింది ఇంత చల్లగా ఉందేంటండీ? మీరు మనిషా, కప్పా?"

పక్కమంచం ఆయన కిసుక్కుమన్నాడు.

"నేల తుడుచుకునేదానివి, నేల తుడుచుకో!"

ఆమె డబ్బాని ఆయన ముక్కు దగ్గరికి తెచ్చింది. "నీళ్ళు!" అంది, అచ్చం ఆయన గొంతుతోనే.

"అరవకు" అన్నాడు పళ్ళు బిగించి. "ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని ఇవాళ కక్ష తీర్చుకుంటున్నావు."

"కక్షే అయితే రెండొందలని చెప్పి ఊరుకుంటాను. కిడ్నీలు బాగున్నాయనుకుని డాక్టరు వదిలేస్తాడు. ఎల్లుండికి ఈ మంచం ఖాళీ. నేనే దుప్పటి మారుస్తా." ఆమె మాటల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "ఆ రోజు నా పాలల్లో చుక్క నీళ్ళు లేవు. పిల్లకి జ్వరం. ఆలస్యమై, పితికినవి పితికినట్టే పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. నువ్వు క్యాను మీద చెయ్యన్నా వేశావా?"

వేయలేదు. వేడి పాలలో గొట్టం ఎక్కువ మునుగుతుందనీ, చల్లారాకే కొలవాలనీ ఉద్యోగంలో చేరిన రోజే ఆయనకి నేర్పారు. ఆ రోజు వరుస పెద్దది.

డాక్టరు వచ్చాడు. "ఈ పూట ఎంత?"

ఆయా డబ్బా పట్టుకుని, పాలకేంద్రం వరుసలో నిలబడ్డట్టు నీళ్ళాయనకేసే చూస్తోంది.

"ముప్ఫై సార్" అన్నాడు చివరికి. "మిగతావి నీళ్ళు. నేనే కలిపాను."

డాక్టరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, డయాలిసిస్‌కి రాశాడు. ఆయా చక్రాల కుర్చీ తెచ్చింది. కూర్చుంటూ ఆయన గొణిగాడు: "ఆ రోజు చెయ్యి వేసి చూడాల్సింది..."

"కాళ్ళు పైన పెట్టుకో" అంది ఆయా. "చక్రంలో పడితే దానికీ నన్నే అంటావు."