నల్లగొండ పళ్ళు

ఆ రోజుల్లో మా పళ్ళ డాక్టరు చదువులో ఎవరెంత కలగనాలో సర్కారే నిర్ణయించేది. జిల్లా మొత్తానికి ఒకే కొలువు. ఆ దవాఖానలో పన్ను పీకే పటకారు ఉండేది, పుచ్చు నింపే సామాను ఉండేది కాదు. అందుకే తోటివాళ్ళలో తెలివైనవాళ్ళు పట్నంలో సొంత దవాఖాన అనేవారు, ధైర్యవంతులు లండన్ అనేవారు (అక్కడ జనం పళ్ళను సర్కారే బాగుచేయిస్తుందట). నేను మాత్రం నల్లగొండ అన్నాను. త్యాగం కాదు. మా వైపు ఊళ్ళకు ఊళ్ళే గోధుమరంగు చారల పళ్ళు. అంత గిరాకీ లండన్‌లో ఎక్కడిది?

వేసవి సెలవుల్లో దేవరకొండ దారిలోని మా ఊరికి అద్దం, గీకుడు చువ్వ పట్టుకుని వెళ్ళాను. మొదటి రోగి మా చిన్నాయన కూతురు, తొమ్మిదేళ్ళది. గంటసేపు గీకాను. రక్తం వచ్చింది, చార పోలేదు. "అన్నా, ఇటుకపొడితోని తోమితె గూడ గింతే గదా" అంది, ఏడవకుండా.

తర్వాత చిన్నాయన కూర్చున్నాడు. నలభై దాటలేదు, నడుము వంగిపోయింది. తల పైకెత్తమన్నాను, డాక్టరు గొంతుతో.

"గీ తల లేస్తె నీతోని పనేందిరా?"

చివరికి నేనే నేలమీద వెల్లకిలా పడుకుని కిందినుంచి చూశాను. కూతురి పళ్ళ చారలే. అప్పుడు గుర్తొచ్చింది, పుస్తకంలో ఒక పేజీ: కొన్ని బావుల నీళ్ళు ముందు పళ్ళను, తర్వాత ఎముకలను పట్టుకుంటాయని. (పరీక్షలో రాదని వదిలేసిన పేజీ.)

చిన్నాయన మెల్లగా అడిగాడు: "బిడ్డ పండ్లు నా లెక్కనే ఉన్నయి. నడుము గూడ గిట్లనే అయితదా?"

రోజూ రెండుపూటలా పళ్ళు తోమించమన్నాను.

"నేనడిగింది నడుము సంగతిరా."

చెప్పేశాను, మన బావి నీళ్ళేనని. మా చదువులో దానికి పనిముట్టు లేదు, సర్కారులో కొలువూ లేదు. మరి ఏ నీళ్ళు తాగాలని చిన్నమ్మ అడిగింది. చెరువు నీళ్ళన్నాను. చెరువు రెండు కోసుల దూరం. మర్నాడు పొద్దున్నే ఆమె బిందె తీసుకుని బయలుదేరింది. రోజుకు ఒక్క బిందె, పిల్లకు మాత్రమే. నువ్వూ తాగమంటే చిన్నాయన వినలేదు. "నేను వంగినకాడికి వంగిన. దాన్ని తాగనియ్యి."

చదువయ్యాక ఆ ఒక్క కొలువే నాకు దొరికింది. చాలా పళ్ళు పీకాను. చువ్వతో గీకితే జిల్లా తెల్లబడుతుందనుకున్న ఆ కుర్ర డాక్టరు తలపుకొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, పూర్తిగా రాదు. చెల్లె నిటారుగానే పెరిగింది. నవ్వినప్పుడు మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది, నా ముందు కూడా.