వక్కపలుకు దూరం

మా ఇంటాయన ముప్పై ఏళ్లు టపా సంచి మోసినాడు. కనిగిరిలో సంచి భుజానికెత్తుకుంటే హనుమంతునిపాడు దాకా, ఆడి నుంచి చుట్టుపక్కల పల్లెలకు, ఎండైనా వానైనా కాలినడకనే. అట్లాంటి మనిషిని ఫలానా ఊరు ఎంత దూరమని అడగకూడదు. ఎంత దూరమైనా ఆయన నోట వచ్చే మాట ఒకటే, ఈడనే అని. మొదటి బిడ్డ చంకలో ఉండగా ఆ మాట నమ్మి ఒక పెండ్లికి బయలుదేరినా. మేము చేరేసరికి పెండ్లివాళ్లు ఎంగిలి విస్తళ్లు ఎత్తి పారేస్తా ఉన్నారు.

అందుకే ఆయనకు రిటైరు కాగితం వచ్చి, ఇంక ఏ ఊళ్లో ఉందామనే మాట లేచినప్పుడు, ఊరు నేను ఎంచుతానని చెప్పినా. కారణం నా కుడి మోకాలు. అంతకు రెండేళ్ల ముందు బావి మెట్ల మీద జారినప్పటి నుంచి అది నా మాట వినడం మానేసింది. మేముండే హనుమంతునిపాడులో నీళ్లకు ఒక దిక్కు పోవాల, ఉప్పుకు ఇంకో దిక్కు పోవాల, డాక్టరు కావాలంటే కనిగిరి పోవాల.

మోకాలు నొప్పి కంటే పెద్ద భయం నాకు ఇంకొకటి ఉండేది. మా అత్తకు కాళ్లు పోయినాక ఆరేళ్లు గడప దగ్గర కూచునింది. గట్టి మనిషి. ఇంట్లో మగవాళ్లు కూడా ఆమె ముందర గొంతు పెంచేవాళ్లు కాదు. అట్లాంటి మనిషి దారిన పోయే ప్రతి బండినీ ఆపి, నాయనా, నన్ను మా చెల్లెలింటి దాకా దించుతావా అని అడిగేది. దించుతామంటే పొంగిపోయేది. కాదంటే ఆ కోపం నా మీద తీర్చుకునేది. కోపానిదేముంది, కోడలన్నాక పడాల. ఆ అడగడం మాత్రం చూడలేకపోయినా. నాకు ఆ గతి రాకూడదనుకున్నా. కాబట్టి నాకు కావలసింది గొప్ప ఊరు కాదు, నా కాళ్లకు సరిపోయే ఊరు.

అప్పటికి మన రాష్ట్రం కూడా కాపురం మార్చిన కొత్త. కర్నూలులో మూడేళ్లు రాజధాని పెట్టి, సామాన్లెత్తుకొని హైదరాబాదు పోయినారు. అంత చదువుకున్నవాళ్లే మొదటిసారి ఎంచిన ఊళ్లో నిలవలేకపోయినారంటే, మేము తొందరపడడం మంచిది కాదనిపించింది.

చదువంటే గుర్తొచ్చింది. నాది రెండో తరగతి. పలక పగిలింది, నాయన ఇంకో పలక కొనలేదు, చదువు అంతటితో సరి. మైళ్లూ ఫర్లాంగులూ నాకు తెలియవు. చేలల్లో ఆడవాళ్లు ఎట్ల కొలుస్తారో నేనూ అట్లనే కొలుస్తా. బయలుదేరేటప్పుడు ఒక ఎండు వక్కపలుకు బుగ్గన పెట్టుకొని నములుకుంటా పోవాల. చేరేసరికి వక్క ఇంకా నోట్లో ఉంటే అది దగ్గర, అయిపోతే దూరం. వక్క బుగ్గన ఉన్నంతసేపు నేను మాట్లాడను. మా ఆయన ఈ కొలతను ఒక్కనాడూ ఎగతాళి చేయకపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

కనిగిరిలో వక్కకు పని పడలేదు. ఆ పక్క నీళ్లు తాగితే కీళ్లు బిగుసుకుంటాయని జనం చెప్పుకునేవాళ్లు. బాగున్న కాళ్లకే భయం పెట్టే నీళ్లకు నా మోకాలిని అప్పజెప్పడం ఎందుకని వదిలేసినా.

ఆయనకు మార్కాపురం మీద మనసు. పెద్ద బజారు, రైలు కూడా ఉందని ఊరించినాడు. బస్సులో పోయి దిగినాము. ఊరు బాగానే ఉంది. దుకాణాల వీధీ, ఆస్పత్రీ చూసొచ్చినా వక్క సగం కూడా అరగలేదు. పలకలు చేసే షెడ్ల పక్కన పగిలిన పలకరాయి కుప్పలు కుప్పలుగా పడి ఉంది. అందులో ఒక్క బిళ్ల ఆనాడు మా నాయనకు దొరికుంటే నేను కూడా దూరాన్ని అంకెల్లో చెప్పేదాన్నేమో. నా మనసు కొంచెం మెత్తబడింది. మరి రైలు స్టేషను ఏడ అని అడిగినా.

ఈడనే అన్నాడు.

కొత్త వక్క పెట్టుకొని నడిచినా. అది అయిపోయింది. ఇంకొకటి పెట్టుకున్నా. ఇండ్లు అయిపోయినాయి, స్టేషను మాత్రం రాలేదు. ఒక జట్కా అతను మా వెనకాలే గుర్రాన్ని మెల్లగా నడిపించుకుంటా వచ్చినాడు.

"ఎక్కు పెద్దమ్మా. ఇంకా చానా ఉంది."

వక్క పక్కకు నెట్టి, ఊరి పేరు పెట్టుకొని ఊళ్లో లేకపోవడం ఏంది నాయనా అని అడిగినా.

"రైలువాళ్లు అబద్ధం రాయలేదమ్మా. మార్కాపురం రోడ్డు అని రాసినారు. ఊరు కావాలంటే రోడ్డు పట్టుకొని పొమ్మని."

నేను జట్కా ఎక్కలేదు. ఎక్కితే కొలత చెడుతుంది. స్టేషను చేరేసరికి మోకాలు కుండలా వాచింది. ఆయన చేతిసంచి కింద పెట్టి, చెమట కూడా పట్టని మొహంతో, చెప్పినా గదా ఈడనే అని, అన్నాడు.

"నీకు ఈడనే. నువ్వు యాడ నిలబడితే ఆడ ఈడనే" అన్నా.

అదే రైలు దారిలో గిద్దలూరు పోయినాము. ఆడ స్టేషను ఊరికి ఆనుకొనే ఉంది. రైలు దిగి పెట్టుకున్న వక్క బజారుకు పోయి, ఆస్పత్రి చూసి, మళ్లీ వెనక్కి మళ్లినా ఇంకా మిగిలే ఉంది. ఒక బట్టల దుకాణం వాళ్ల ఇంటి వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయన్నారు. ఆ ఇంటామె చాలా ప్రశ్నలు వేసింది. వక్క ఉమ్మేయడం ఇష్టం లేక అన్నిటికీ తల ఊపినా. నన్ను నెమ్మదైన మనిషి అనుకొని ఇల్లు ఇచ్చింది. నా నోటి సంగతి ఆమెకు తెలిసేసరికి మేము సామాన్లు దించి సర్దుకున్నాము.

అన్నీ కొలిచినాననుకున్నా, ఒకటి మరిచిపోయినా. నడిచి పోగలిగిన ఊరంటే నడిచి రాగలిగిన ఊరు కూడా. హనుమంతునిపాడులో అన్నేళ్లున్నా మా గడప తొక్కిన చుట్టం లేడు. మా మర్యాద గొప్పదని కాదు, ఆ దూరమే మాకు కాపలా కాసిందని గిద్దలూరు వచ్చినాక తెలిసింది. ఆస్పత్రికి వచ్చినవాళ్లు, సంతకు వచ్చినవాళ్లు, రైలు తప్పినవాళ్లు, రైలుకు ఇంకా టైముందని వచ్చినవాళ్లు, అందరిదీ ఒకటే మాట. స్టేషను నుంచి మీ ఇల్లు ఈడనే గదక్కా అని. మజ్జిగ పలచన చేసినా. అట్లయినా రావడం మానలేదు, గిద్దలూరు మజ్జిగే అంత అనుకున్నారు.

మా ఆయనకు ఇంకో కష్టం. పోస్టాఫీసు మా ఎదుటి సందులోనే. కార్డు రాస్తే ఆడ వేయకుండా, తెల్లారకముందే లేచి పక్క ఊరు పోయి, ఆ పెట్టెలో వేసి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. ఆ కార్డు మళ్లీ గిద్దలూరు వచ్చే పోవాల. ఏందయ్యా ఇది అని అడిగితే, ఎదురింట్లో వేస్తే అది టపా ఎట్లయితాది అన్నాడు. ఊరు నా కాళ్లకు కొలిచి తెచ్చినా గానీ, ఆయన కాళ్లకు కొలవలేదు. పాపం, ఉన్నన్నాళ్లూ ఆ చిన్న ఊరు చుట్టూ తిరిగి తిరిగి దాన్ని పెద్దది చేసుకున్నాడు. ఆయన పోయి చానా ఏళ్లయింది. మధ్యలో మమ్మల్ని కర్నూలు జిల్లాలో నుంచి తీసి ఒంగోలు జిల్లాలో పెట్టినారు. కూచున్న చోటు నుంచి కదలకుండా నేను ఇంకో చోటికి పోయింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నోట్లో పళ్లు లేవు. ఎడమ మోకాలు కూడా కుడిదాని దారి పట్టింది. పోయిన నెల ఆస్పత్రికి బయలుదేరుతుంటే, ఇల్లు ఇచ్చినామె కోడలు వచ్చి, రిక్షా పిలిపిస్తా అవ్వా, మా మనిషి వచ్చి ఎక్కిస్తాడు, దించుతాడు అనింది. మంచి పిల్ల. ప్రేమతోనే అనింది. నేను అప్పుడు గడప దగ్గరే కూచొని ఉన్నా. మా అత్త కూచునే తీరులోనే కూచొని ఉన్నానని నాకే తెలిసింది. లేచి డబ్బాలో నుంచి వక్కపలుకు తీసినా. బుగ్గన పెట్టుకునే ముందు ఒక మాట చెప్పినా.

"ఎందుకమ్మా, ఈడనే."

దారిలో అంగటి మెట్టు మీద ఒకసారి కూచున్నా, బడి గోడకు ఆనుకొని ఒకసారి నిలబడినా, ఇంకా రెండు మూడు చోట్ల ఆగినా. పొద్దున బయలుదేరినదాన్ని, పోయేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. డాక్టరు నోరు తెరవమన్నాడు. పలుకు పెట్టింది పెట్టినట్టే ఉంది, అంచు కూడా అరగలేదు. పళ్లున్న రోజుల్లో ఇదే దారికి సగం అరిగేది. నా కొలత ప్రకారం ఆస్పత్రి అప్పటికంటే దగ్గరికి వచ్చినట్టే లెక్క. ఈ వయసులో ఇంకో కొలత నేర్చుకునే ఓపిక నాకు లేదు.

తిరిగి వచ్చేదానికి కూడా అదే వక్క సరిపోయింది. ఇంటికొచ్చి కడిగి ఆరబెట్టి డబ్బాలో వేసినా, రేపు బజారుకు పనికొస్తుంది.