నల్ల కుక్క కింద నా పేరు

పార్ట్‌నర్‌షిప్ అడగడానికి మొదటిసారి వెళ్లిన రోజున నా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి ముప్ఫై రెండు స్లయిడ్ల ప్రెజెంటేషన్, రెండోది కాళ్లలో వణుకు. స్లయిడ్లు మా ఆయన చేసి పెట్టినవి. వణుకు మాత్రం నా సొంతం. ఎందుకంటే నేను వెళ్లింది కుక్కల షెల్టర్‌కి. నాకేమో కుక్కలంటే చిన్నప్పటినుంచీ చచ్చేంత భయం.

మరి ఏరి కోరి అక్కడికే ఎందుకు వెళ్లినట్టు? లైబ్రరీకి సాయం చేసే సంస్థకి ముందు రాశాను, జవాబు లేదు. పిల్లల ఆస్పత్రికి విరాళాలు పోగుచేసేవాళ్లకి రాశాను, చాలా మర్యాదగా వద్దన్నారు. టెక్సస్‌లో మేముండే ఇర్వింగ్ నుంచి హైవే మీద ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఈ షెల్టర్‌వాళ్లు మాత్రమే ‘రండి, మాట్లాడుకుందాం’ అని రాశారు. పిలవని పేరంటానికి వెళ్లడం కంటే పిలిచిన కుక్కల దగ్గరికి వెళ్లడమే నయమనుకున్నాను.

అమెరికా రాకముందు హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో ఆరేళ్లు ఫొటోలు తీశాను. ఎక్కువగా చీరల దుకాణాల హోర్డింగులకి. ఇర్వింగ్ వచ్చాక డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానని అనుకున్నది నేనొక్కదాన్నే. మన తెలుగువాళ్లు నన్ను ఒక్క శనివారం కూడా కూర్చోనివ్వలేదు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఏదైనా సరే, ఆహ్వానం ఒకే రకంగా వచ్చేది. “తప్పకుండా రావాలి. కెమెరా ఎలాగూ ఉంది కదా, అది కూడా తెచ్చుకోండి.” కెమెరాకి కూడా ఒక విస్తరి వేస్తారేమోనని చూసేదాన్ని.

ఒక ఉగాదికి కార్యక్రమాల పుస్తకం మొత్తం నేనే చేశాను. ఫొటోలు నావి, బొమ్మలు నావి, అట్ట నాది. చివరి పేజీలో కృతజ్ఞతలు వేశారు. పులిహోర చేసినవాళ్ల పేర్లున్నాయి. మైకు తెచ్చినవాళ్ల పేరుంది. కుర్చీలు మడిచి పెట్టబోయేవాళ్ల పేర్లు కూడా ముందే వేశారు. నా పేరు లేదు. అదేమిటని అడిగితే కమిటీ ఆయన నొచ్చుకుని, “అయ్యో, మీరు మనవాళ్లే కదండీ!” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నవ్వి ఊరుకున్నాను. ఒళ్లు మండినప్పుడు నవ్వడం మా ఇంట్లో ఆడవాళ్లకి ఉగ్గుపాలతో పోస్తారు.

గ్రీన్‌కార్డ్ వచ్చిన వారమే నిర్ణయించుకున్నాను. ఇకనుంచి నేను తీసిన ఫొటో కింద నా పేరు పడాలి. నలుగురూ చూసేచోట పడాలి. అది చూసి ఎవరో ఒకరు పిలుస్తారు, పని అక్కడినుంచి మొదలవుతుంది. పేరు లేని ఫొటోగ్రాఫర్‌ని వెతికి పట్టుకునే తీరిక ఈ దేశంలో ఎవరికీ లేదు. ఏదైనా స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేస్తే వాళ్లకి మంచి ఫొటోలు వస్తాయి, నాకు పేరు వస్తుంది. ఇంత చిన్న లెక్క ఇది.

“అలా చెప్తే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, స్లయిడ్ల డెక్ ఉండాలి,” అన్నాడు మా ఆయన. ఆయన ఐటీ మనిషి. పెళ్లిచూపులకి కూడా స్లయిడ్లతో వచ్చి ఉండేవాడు, ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రొజెక్టర్ లేదు కాబట్టి బతికిపోయాం. నాలుగో స్లయిడ్‌లో రెండు బాణాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటాయి. ఒకటి నేనట, ఒకటి షెల్టరట. ఆయన ఆఫీసులో ఇన్సూరెన్స్ ప్రాజెక్టుకి కూడా అవే బాణాలు తిరుగుతాయని తర్వాత తెలిసింది.

షెల్టర్ నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఆరడుగుల మనిషి, కౌబాయ్ బూట్లు, చొక్కా నిండా కుక్కల వెంట్రుకలు. కూర్చోగానే కాఫీ తాగుతారా అని అడిగింది. వద్దన్నాను. నిజానికి పొద్దున్నుంచీ గొంతులోకి ఏమీ దిగలేదు, కాఫీ కోసం ప్రాణం పోతోంది. కానీ మొదటిసారి అడగగానే ఔనంటే ఏం బాగుంటుంది? మనవాళ్లు మూడుసార్లు అడుగుతారు. మొదటిది మర్యాద, రెండోది బతిమాలడం, మూడోది నిజం. మూడోదానికి ‘సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి కొంచెం’ అనాలి. ఆవిడ మాత్రం ‘ఓకే’ అని తన కప్పు తను నింపుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆ వాసనలోనే నేను స్లయిడ్లు మొదలుపెట్టాను.

బాణాల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లు కిటికీ వైపు వెళ్లిపోయాయి. ఆరో స్లయిడ్‌కి ఫోన్ మోగింది. ఫోన్ పెట్టేశాక నా లాప్‌టాప్ వైపు చూడకుండా, “మా అసలు బాధ చూపించనా?” అని గోడకి ఉన్న ఫొటోల దగ్గరికి తీసుకెళ్లింది. గోధుమరంగువి, మచ్చలవి, తెల్లవి బాగానే ఉన్నాయి. నల్లకుక్కల ఫొటోలు మాత్రం ఘోరం. ఒక్కోదాంట్లో నల్లటి ముద్ద, అందులో పచ్చగా వెలుగుతున్న రెండు కళ్లు. “ఇవి బంగారంలాంటి కుక్కలు. కానీ ఈ ఫొటోలు చూసి ఎవరూ రారు. వీటిని ఏడాది పొడుగునా ఇక్కడే ఉంచుకుంటాం,” అంది.

నేను స్లయిడ్లు మర్చిపోయాను. భయం కూడా మర్చిపోయాను. “ఎదురుగా ఫ్లాష్ కొట్టారు, అందుకే!” అని అరిచినంత పనిచేశాను. నల్ల పట్టుచీరకి ఎదురుగా ఫ్లాష్ కొడితే మడతలన్నీ మాయమై చీర బొగ్గుల బస్తాలా కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచి పడాలి. రెండో పక్క తెల్ల థర్మకోల్ షీటు పెట్టి ఆ వెలుతుర్ని మెల్లగా వెనక్కి తిప్పాలి. అప్పుడు నేత కనిపిస్తుంది, మెరుపు కనిపిస్తుంది. చీరకి మెరుపున్నట్టే కుక్క బొచ్చుకీ ఉంటుంది కదా. ఆరేళ్లు నల్ల చీరలతో కుస్తీ పట్టినదాన్ని, నాకు తెలియదా? ఇదంతా నా ఇంగ్లీషులో, చేతులూపుతూ, గోడమీది ఫొటోలని తిడుతూ చెప్పాను. ఆవిడ కప్పు పక్కన పెట్టేసి వింది.

ఆ తర్వాత సూటిగా అడిగింది. “మీరు మాకిది చేస్తే, మా వైపునుంచి మీకేం కావాలి?”

ఇదే ఆ ప్రశ్న. దీనికోసమే వచ్చాను. నా పేరు అని చెప్పాలి, అంతే. నా నోట్లోంచి మాత్రం, “అయ్యో, ఏమీ వద్దు,” అని వచ్చింది.

“నిజంగానా? ఏదో ఒకటి ఉండాలి కదా?” అని మళ్లీ అడిగింది.

“నిజంగా ఏమీ వద్దు, సాయం చేయడమే సంతోషం,” అని తల వంచుకుని మూడోసారి కోసం ఎదురుచూశాను.

మూడోసారి రాలేదు. ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుని, చొక్కా మీది వెంట్రుకలు సగం నాకు అంటించి, “యు ఆర్ యాన్ ఏంజెల్,” అంది. ఇంటికి వచ్చాక మా ఆయన ఎలా జరిగిందని అడిగితే, “బాణాలు తిరిగాయి,” అన్నాను.

ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. గొప్పలు కావు, నిజం. మొదటి రోజు ట్రైపాడ్ వెనక నేను, థర్మకోల్ షీటు వెనక ఒక నల్లకుక్క, ఇద్దరం ఒకళ్లకొకళ్లం భయపడి వణికాం. నాకంటే అదే ఎక్కువ భయపడుతోందని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. భయపడేవాళ్ల ముందు ధైర్యం తెచ్చుకోవడం ఎవరికైనా సులువే. రెండో వారానికి అది నా చున్నీ కొస నమిలేసింది, నేను కేక పెట్టలేదు. ఆ ఫొటోలో దాని మెడ మీద వెలుతురు జారిన తీరు చూస్తే ఇప్పటికీ నాకు కడుపు నిండుతుంది. పోస్టర్ బయటికొచ్చిన నెలలోనే దాన్ని ఎవరో ఇంటికి తీసుకెళ్లారు. దాని వెనకే ఇంకొన్ని వెళ్లాయి.

పోస్టర్లు కాఫీ షాపుల్లో, లాండ్రీల్లో, పశువుల డాక్టర్ల దగ్గర అంటించారు. నేను ఆత్రంగా కింద చూశాను. షెల్టర్ పేరుంది. ప్రింటింగ్ ప్రెస్ పేరుంది. కుక్కల తిండి ఇచ్చిన దుకాణం పేరుంది. నాది లేదు. ఇక్కడా పులిహోరవాళ్లే గెలిచారు. ఆ ఏడాదంతా ఆ ఆరడుగుల మనిషిని మనసులో తిట్టని తిట్టు లేదు. కృతజ్ఞత లేని మనిషి, కుక్కలకున్న విశ్వాసం కూడా లేదు అని తిట్టాను. నెలకి రెండుసార్లు వెళ్లి, నవ్వుతూ ఫొటోలు తీసి, వస్తూ దారంతా తిట్టేదాన్ని.

మా కాంప్లెక్స్‌కి రెండు వీధుల అవతల డాక్టరాంటీ ఉండేవారు. ఎప్పుడో డెబ్బైల్లో వచ్చి, ఇక్కడే గైనకాలజిస్ట్‌గా చేసి రిటైరైన మనిషి. ఒక రోజు ఆవిడ దగ్గర నా గోడంతా వెళ్లబోసుకున్నాను.

“ఆగాగు. ఆవిడ అడిగిందా, లేదా?” అన్నారు ఆంటీ.

“అడిగింది. రెండుసార్లు.”

“నువ్వు వద్దన్నావు. రెండుసార్లూ.”

“మూడోసారి అడుగుతుందనుకున్నానాంటీ!”

ఆంటీ నడుం పట్టుకుని నవ్వారు. “అమ్మాయ్, మొహమాటానికి పోతే కడుపైందని పెద్దవాళ్లు ఊరికే అనలేదే. ముప్ఫై ఏళ్లు డెలివరీలు చేశాను, నాకంటే ఎవరికి తెలుస్తుంది? ఇక్కడివాళ్లు రెండోసారి అడగడమే ఎక్కువ. నీ ‘నో’ని వాళ్లు రెస్పెక్ట్ చేస్తారు. అడగందే అమ్మైనా పెట్టదు, ఆవిడ నీకు అమ్మ కూడా కాదాయె!”

ఆ రోజే ప్రాక్టీస్ మొదలైంది. అప్పుడే వేసిన గారెల పళ్లెం నా ముందు పెట్టి, “తింటావా?” అన్నారు. “వద్దాంటీ, ఇప్పుడే తిని వచ్చాను,” అన్నాను. పళ్లెం వెనక్కి వెళ్లిపోయింది. కాసేపయ్యాక మళ్లీ అడిగారు. “అబ్బే, మీకెందుకు శ్రమ,” అన్నాను. పళ్లెం మళ్లీ వెళ్లింది. నాలుగోసారికి గారెలు చల్లారాయి, నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఐదోసారి ఆవిడ ‘తిం’ అనేసరికే, “ఊఁ, మూడు!” అన్నాను.

“అదీ! ఇప్పుడు వెళ్లు,” అన్నారు ఆంటీ.

అప్పటికే షెల్టర్ ఆవిడ వచ్చే ఏటి క్యాలెండర్ గురించి మాట్లాడదామని పిలిచింది. ఈసారి స్లయిడ్లు లేవు. ఒకటే కాగితం, దాని మీద రెండే వాక్యాలు. నేను ఇచ్చేది పన్నెండు ఫొటోలు. నాకు కావలసింది ప్రతి ఫొటో కింద నా పేరు. కాఫీ అన్న మాట ఆవిడ నోట్లో ఉండగానే “యెస్” అన్నాను. కాఫీ పరమ దరిద్రంగా ఉంది. ఏడాదిపాటు దీనికోసమా కుమిలిపోయింది అనుకున్నాను.

కాగితం ఆవిడ ముందుకి తోశాను. చదవనివ్వకుండా నోటితో కూడా చెప్పేశాను. “నా పేరు వేయాలి. ప్రతి పేజీలో. చిన్న అక్షరాలైనా సరే, వేయాలి.”  కాదంటే ఇక కెమెరా అటక మీద పెట్టేయడమే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆవిడ లేచి అలమర తెరిచి, ఫైళ్లలో వెతికి, ఒక పెద్ద కాగితం తీసి బల్ల మీద పరిచింది. అది మా మొదటి పోస్టర్, ప్రెస్ నుంచి చూసుకోమని వచ్చిన నమూనా. నా నల్లకుక్క. దాని కింద, ఎడమ పక్కన, నా పేరు. ఇంటిపేరుతో సహా. చిన్న అక్షరాలు కూడా కావు. ఆ పేరు మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత.

“నేనే వేయించాను,” అంది ఆవిడ. “మీరు రెండుసార్లు ఏమీ వద్దన్నారు. మీకు ఇష్టం లేదేమోనని కొట్టేయమన్నాను. కొట్టేస్తుంటే నాకు చాలా బాధేసింది. మీరంత నిరాడంబరమైన మనిషని అందరికీ చెప్తుంటాను.”

ఏడాది పొడవునా దారి పొడవునా నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా నా మీదే వచ్చి పడ్డాయి. సిగ్గేసింది. ఏడుపు వచ్చింది. ఆవిడ కంగారుగా టిష్యూల పెట్టె జరిపి, “క్యాలెండర్‌లో తప్పకుండా వేస్తాం. ఇంకేమైనా కావాలా?” అంది.

“ఎరేజర్ కావాలి,” అన్నాను.

సొరుగులోంచి తీసి ఇచ్చింది. బల్ల మీద వంగి ఆ గీతని మెల్లగా చెరిపాను. కాగితం కాస్త నలిగింది. ఆవిడ అది కదలకుండా అంచు పట్టుకుంది.

“ఇది నాకు ఇచ్చేయండి,” అన్నాను.

ఒక్కసారే అడిగాను. ఆవిడ ఒక్కసారే సరేనంది.