తల లేని కంప్యూటర్, ఓబులమ్మ కోళ్లు

2023 ఎండాకాలం. నంద్యాలలో నేను కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆఫీసు ప్రింటర్ల నుంచి పెళ్లి వీడియోల హార్డ్ డిస్కుల దాకా నా చేతికి లొంగని జబ్బు లేదనుకునేవాణ్ని. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. కస్టమర్లకు ఆ సంగతి తెలుసు, అయినా వస్తారు.

మా పనిలో 'హెడ్‌లెస్' అని ఒక మాట ఉంది. మానిటర్, కీబోర్డు, మౌస్ ఏవీ తగిలించకుండా నడిపే కంప్యూటర్ అన్నమాట. మా షాపులో దాన్ని మొండెం డబ్బా అంటాం. ఒక మూల పెట్టి కరెంటూ నెట్టూ ఇస్తే దాని పని అది చేసుకుంటుంది. ఏం చేస్తున్నదో సెల్‌ఫోన్‌లో చూసుకోవచ్చు. అంతా బాగున్నంత కాలం దానంత సుఖమైన యంత్రం లేదు.

ఆళ్లగడ్డలో ఖాదర్ అని ఒకతనికి గుడ్లు పొదిగే మెషిన్ ఉండేది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు తమ నాటుకోళ్ల గుడ్లు తెచ్చిస్తే, పొదిగించి పిల్లల్ని వాళ్లకే ఇచ్చేవాడు. మెషిన్ లోపలి వేడిని ఒక మొండెం డబ్బా చూసుకునేది. వేడి తగ్గితే హీటర్ వేస్తుంది, పెరిగితే ఆపుతుంది. దాన్ని అమర్చిన మనిషి బెంగళూరుకు పోయి ఫోన్ ఎత్తడం మానేశాడు. అందుకని ఒక పొద్దున ఖాదర్ నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నిన్న సాయంత్రం కాన్నుంచి సెల్లులో డిగ్రీలు ఒకటే అంకె చూపిస్తాండాది. రవ్వంత గూడా కదల్లే."

"నిన్న కరెంటు పోయిందా?"

"గాలీవానకు పాయన్నా. ఇన్వర్టరు గూడా దిగిపాయ. మళ్లీ కరెంటు వస్తానే నేనే డబ్బా స్విచ్ నొక్కితి. పచ్చ లైటు వెలుగుతాంది, ఫ్యాను తిరుగుతాంది. బాగనే ఉండాది గదా?"

కొత్త లెక్క అందకపోతే సెల్లు చివరిగా వచ్చిన అంకెనే చూపిస్తూ కూర్చుంటుంది. "ముందు మెషిన్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టు" అన్నాను.

"చివరి మూడు దినాలు తలుపు తియ్యగూడదన్నా. ఈ పొద్దే పిల్లలు దిగాల. తేమ పోయిందంటే పెంకులోనే అతుక్కపోతాయి."

అతను చెప్పింది తప్పేమీ కాదు. పొదిగించేవాళ్లు ప్రాణంలా పాటించే నియమం అది. ఆ నియమం పట్టుకునే పాపం రాత్రంతా తలుపు జోలికి పోలేదు.

"తియ్యప్పా, చెప్తాంటే!" అని అరిచాను.

తలుపు తీసిన చప్పుడైంది.

"సల్లగుండాదన్నా" అన్నాడు.

గుడ్లన్నీ దుప్పట్లో చుట్టి బల్బు కింద పెట్టమని చెప్పి, ఒక మానిటరూ కీబోర్డూ బండికి కట్టుకుని బయలుదేరాను. దారంతా ఆ డబ్బా పెట్టినవాణ్ని తిడుతూనే ఉన్నాను.

నేను వెళ్లేసరికి మెషిన్ ముందు ఒక ముసలామె నేల మీద కూర్చుని ఉంది. పేరు ఓబులమ్మ, అహోబిలం దగ్గరి పల్లె. పిల్లల్ని తీసుకుపోదామని పొద్దున్నే జీపెక్కి వచ్చిందట. తన గుడ్లు దుప్పట్లో పెట్టనివ్వకుండా ఒడిలో పోసుకుని, పైట కప్పి, రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

"ఈ గుడ్లు ఈడికిచ్చినంక ఇంట్లో కోళ్లకు కొక్కెర రోగం తగిలింది నాయనా. ఒక్కటి మిగల్లే. మా యమ్మ కాలం నుంచి వస్తాండే కోళ్లు. ఇంగ ఇవే ఉండేది. ఎట్లన్నా చెయ్యి" అంది.

మానిటర్ తగిలించాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: కీబోర్డు కనబడలేదు, ముందుకు పోవడానికి ఎఫ్ వన్ నొక్కండి.

కీబోర్డు లేదంటుంది, కీబోర్డు మీదున్న మీట నొక్కమంటుంది! ఏ మహానుభావుడు రాశాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ముందుగా లేచే బయాస్ అనే ప్రోగ్రాం పెట్టిన అడ్డంకి ఇది. కీబోర్డు లేకపోయినా పట్టించుకోవద్దని దానికి ముందే చెప్పి పెడతారు. ఆ మాట గుర్తుండటానికి లోపల బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది ఎప్పుడో చచ్చింది. కరెంటు పోగానే చెప్పిన మాటా పోయింది. పచ్చ లైటు వేసుకుని, ఫ్యాను తిప్పుకుంటూ, ఎవరో వచ్చి ఒక్క మీట నొక్కుతారని ఆ డబ్బా అట్లాగే నిలబడింది.

కీబోర్డు పెట్టి నొక్కాను. హీటర్ వేడెక్కింది, సెల్లులో అంకె కదిలింది. నా పని అంతే.

ఓబులమ్మ ఒక్కో గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకుని వింటూ ఖాదర్‌కు ఇచ్చింది. పుట్టబోయే పిల్ల పెంకులోంచే అరుస్తుందట. "ఇది పలకల్యా... ఇదీ పలకల్యా..." అంటూ పోయింది. ఒక గుడ్డు దగ్గర ఆగింది. "పలుకుతాంది! ఒరే ఖాదరూ, పలుకుతాంది!" అంటూ ఏడ్చేసింది.

మధ్యాహ్నానికి ఆ గుడ్డు పగిలి చిన్న ముక్కు బయటికి వచ్చింది. ముగ్గురం అద్దాల తలుపు ముందు కూర్చున్నాం. "రాయే తల్లీ, రా" అని ఖాదర్ బతిమాలుతున్నాడు. పెంకు ఒలిచి బయటికి తీద్దామన్నాను. రక్తం కారి చస్తుందన్నాడు. ముక్కు అప్పుడప్పుడు కదిలేది. పొద్దుగుంకే వేళకు అదీ ఆగిపోయింది. మిగతా వాళ్ల గుడ్లలోనూ ఒక్కటీ దిగలేదు.

ఖాదర్ తల బాదుకున్నాడు. "అంకె చూసినా అవ్వా, రేత్రంతా ఆ అంకెనే చూస్తాంటి..."

ఓబులమ్మ లేచి తన గంప తెచ్చుకుంది. తన గుడ్లన్నీ అందులోకి ఏరుకుంది. "ఏం చేసుకుంటావవ్వా?" అని అడిగాను.

"మా దొడ్లో పూడ్చుకుంటా. ఈడ పారేసి పోతానా?" అంది.

నేను కొత్త బ్యాటరీ వేసి, బయాస్ సరిచేసి, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి, డబ్బా తనంతట తాను లేవడం ఖాదర్‌కు చూపించాను. అతను చూడను కూడా చూడలేదు. "ఇంగ దీంట్లో ఎవురి గుడ్లు పెట్టేదన్నా?" అన్నాడు. కొన్నాళ్లకు మెషిన్ అమ్మేసి కోయిలకుంట్ల రూట్లో ఆటో తోలుకుంటున్నాడని తెలిసింది.

అప్పటి నుంచి మొండెం డబ్బా ఎక్కడ పెట్టినా యజమాని ఎదుటే కరెంటు పీకుతాను. తనంతట తాను లేవకపోతే అక్కడి నుంచి కదలను. వేడి తప్పితే గోల చేసేలా ఒక బజర్‌ను డబ్బాతో సంబంధం లేకుండా విడిగా పెడతాను. "ఇంత చాదస్తమేందప్పా" అని నవ్వుతారు. నవ్వుకోనీ.

ఆ ఏడాది చివర్లో మనసు ఊరుకోక, సంతలో ఒక పుంజునూ రెండు పెట్టలనూ కొని ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చింది. కోళ్ల వీపు నిమిరి, మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"కోళ్లు సంతలో దొరుకుతాయి నాయనా. మా యమ్మ కోళ్లు యాడ దొరుకుతాయి?"

చెడిన పార్టు తీసి కొత్తది వేయడమే నా వృత్తి. పార్టు దొరకనివి కూడా ఉంటాయని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు. కోళ్లను మళ్లీ బండికి కట్టుకుని నంద్యాలకు వచ్చేశాను.