ఇన్నమ్మ మేడమ్, బొట్టు పెట్టిన ఫ్లాపీ

మొదట్లో నాకు ఇన్నమ్మ మేడమ్ అంటే అస్సలు గిట్టేది కాదు. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గేముంది? కంప్యూటర్ కోర్సు కదా అని ఎగురుకుంటూ చేరితే, ఆవిడ మమ్మల్ని ఆ మిషను ముట్టుకోనిస్తేగా! ఒక్కొక్కరి చేత అట్టముక్క మీద కీబోర్డు బొమ్మ గీయించి, "ముందు వేళ్ళు దీని మీద ఆడించండి, మిషను సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. "ఈమాత్రం దానికి కాలేజీ దాకా రావాలా? ఇంట్లో పీట మీద ఆడించుకోనా?" అని పక్కనున్న పద్మతో గొణిగాను. ఆవిడవి పాముచెవులు. "ఇంట్లో పీట మీద కూడా ఆడించు ప్రసూనా, ఇంకా మంచిది" అన్నారు. క్లాసంతా పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఇంటికెళ్ళి నిజంగానే పీట మీద సాధన చేశాను.

మా కాలేజీలో ఈ కోర్సు పెట్టింది కరస్పాండెంట్ బసవపున్నారావు గారు. మా నూజివీడు చుట్టుపక్కల ఆయనకు మామిడి తోటలున్నాయి. విజయవాడలో ఎవరి ఆఫీసులోనో కంప్యూటర్ ఉత్తరాలు కొడుతుంటే చూసి ముచ్చటపడి, రెండు మిషన్లు కొని తెచ్చి మేడ మీద గదిలో పెట్టించారు. ఆఫీసు పనికి పనికొచ్చే చదువు, ఆడపిల్లలు కూడా చేరొచ్చు అని ఊరంతా చెప్పించారు. మా నాన్నగారు రామాలయంలో అర్చకులు. బీకాం అయ్యాక నేను ఇంట్లో కూర్చుని అందరి మీదా చిరాకు పడుతుంటే, దీన్ని భరించడం కన్నా చదివించడమే నయం అనుకున్నారో ఏమో, వెళ్ళమన్నారు.

ఇన్నమ్మ మేడమ్‌ది చాట్రాయి. వాళ్ళ నాన్న శౌరి గారు, వాళ్ళమ్మ ఇద్దరూ తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. కాయలు కోయడం, బుట్టల్లో గడ్డి పరిచి సర్దడం వాళ్ళ పని. మేడమ్ కూడా సెలవుల్లో ఆ పనికి వెళ్ళినవారే. విజయవాడలో చర్చి సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకుని, టైపు హయ్యరు పాసై, అక్కడే కంప్యూటరు నేర్చుకున్నారు. మాకన్నా ఎంతో పెద్దవారేం కాదు. చాట్రాయి బస్సు దిగి, జడలో ఒక చామంతి, చేతిలో క్యారేజీతో వచ్చేవారు. మామిళ్ళ రోజుల్లో లారీల వెనక బస్సు ఇరుక్కుపోయినా క్లాసుకి ఆలస్యం అయ్యేది కాదు. ముందు బస్సుకే బయలుదేరేవారట.

ఇక ఆవిడ పాఠం. అబ్బ, అది మాత్రం చెప్పుకోవాల్సిందే. పుస్తకంలో ఉత్తరాలన్నీ ఎక్కడో లండన్ కంపెనీకి రాసినట్టుండేవి. ఆవిడ ఆ పుస్తకం మూసేసి, "హనుమాన్ జంక్షన్‌లో మన లారీ ఆగిపోయింది. బంగినపల్లి కాయ లోపల మగ్గిపోతోంది. కలకత్తా షావుకారు మొహం మాడ్చుకుంటాడు. అతనికి ఉత్తరం రాయండి" అనేవారు. మా ఇంగ్లీషు అంతంతమాత్రం. ముందు తెలుగులో చెప్పమనేవారు. "కోప్పడకండి బాబూ, తప్పు మాది కాదు" అని పద్మ అంటే, దాన్నే ఇంగ్లీషులో ఎలా మర్యాదగా చెప్పాలో బోర్డు మీద రాసేవారు. అలా నాకు కంప్యూటర్లో ఉత్తరాలు కొట్టే వర్డ్‌స్టార్ కన్నా ముందు ఉత్తరం రాయడం వచ్చింది.

టైపు మిషన్ మీద ఒక అక్షరం తప్పు పడితే కాగితం అంతా మళ్ళీ కొట్టాలి. నాలాంటి తొందరమనిషికి అదో నరకం. ఇక్కడ తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, తప్పు పడితే చెరిపేయడమే! మొదటిసారి ఒక పేరా మొత్తం ఎత్తి పైనుంచి కిందకి దించినప్పుడు, కుర్చీలోంచి లేచి "ఓర్నాయనో!" అని అరిచాను. మేడమ్ నవ్వుతూ, "అరిచింది చాలు, ముందు సేవ్ చెయ్యి" అన్నారు. కరెంటు ఎప్పుడు పోతుందో మాకే కాదు, దేవుడికి కూడా తెలియదు. పేరా పేరాకీ సేవ్ చేయమని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. ఒకే ఉత్తరం, పేర్లు మాత్రం మారుతూ, షావుకార్లందరికీ ప్రింటర్ లోంచి వరసగా వస్తుంటే మేము పిల్లల్లా చప్పట్లు కొట్టాం. ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే, "అయితే మనింట్లో పెళ్ళి పిలుపులు నువ్వే కొట్టెయ్" అంది.

అసలు కథ ఎనభై ఎనిమిది దసరాకి జరిగింది. పండగైన మర్నాడు ఒక్కరోజు సాధన, ఆ తర్వాతి రోజు ప్రాక్టికల్ పరీక్ష. విజయవాడ నుంచి పరీక్షాధికారి వస్తారు. బసవపున్నారావు గారు మా ముందే మేడమ్‌తో తెగేసి చెప్పారు. "ఏమ్మా, ఇది మొదటి బ్యాచి. పరీక్ష గట్టెక్కితే కోర్సు ఉంటుంది, నీ ఉద్యోగం ఉంటుంది. లేదంటే మిషన్లు అమ్మేసి ఆ గదిలో బుట్టలు పెట్టుకుంటాను." మేడమ్ సరేనండీ అన్నారు. ఆవిడ జీతం మీదే తమ్ముడు చదువుతున్నాడని మాకందరికీ తెలుసు. ఆ పూట క్లాసులో ఎవరం అల్లరి చేయలేదు.

పండగ రోజు ఆయుధపూజ. తోటలో పంపుసెట్లకీ, లారీలకీ చేసినట్టే కంప్యూటర్లకీ పూజ చేయాలని బసవపున్నారావు గారి పట్టుదల. మా నాన్నగారిని పిలిపించారు. గది తాళం మేడమ్ దగ్గర ఉంటుంది కాబట్టి, సెలవైనా ఆవిడ చాట్రాయి నుంచి వచ్చారు. ఆవిడది చర్చి కదా, లోపలికి రాకుండా గుమ్మం దగ్గర వినయంగా నిలబడ్డారు. నేను కింద ప్రసాదం పంచే పనిలో ఉన్నాను.

ఇక్కడ మిషను సంగతి కొంచెం చెప్పాలి. దానంతటది లేవదు. లేపాలంటే ఒక ఫ్లాపీ పెట్టాలి. పల్చటి నల్ల పలక, దానికి కోలగా ఒక కిటికీ, అందులోంచి లోపలి బిళ్ళ గోధుమరంగులో మెరుస్తూ కనిపిస్తుంది. ఆ కిటికీ దగ్గర వేలు కూడా తగలకూడదు. మిషన్ని లేపేదీ, వర్డ్‌స్టార్ నడిపేదీ అన్నీ ఆ ఒక్క ఫ్లాపీలోనే. దానికో నకలు. ఆ రెంటినీ కవర్లలోంచి తీయించి ఇత్తడి పళ్ళెంలో పెట్టించింది బసవపున్నారావు గారే. నాన్నగారు తడి పసుపు, కుంకుమ తీసుకుంటుంటే మేడమ్ గుమ్మంలోంచి, "పంతులుగారూ, ఆ ఫ్లాపీలకి..." అని ఏదో అనబోయారట. "కానివ్వండి పంతులుగారూ, ఏదీ వదలొద్దు" అన్నారట బసవపున్నారావు గారు. మేడమ్ ఊరుకున్నారు.

మర్నాడు పొద్దున్నే సాధనకి చేరాం. మేడమ్ ఫ్లాపీ పెట్టి మీట నొక్కారు. మిషను గరగరమని మూలిగింది. తెర మీద ఎర్రర్ అని వచ్చింది. బయటికి తీసి చూస్తే, సరిగ్గా ఆ కిటికీలో ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. రెండోది తీశారు. దానికీ అంతే, ఇంకా దట్టంగా. ఆఫీసు నుంచి, విజయవాడలో మిషన్లు అమ్మిన కంపెనీకి ట్రంకాల్ చేశాం. పండగ సెలవులు, ఎవరూ ఎత్తలేదు. పద్మ అక్కడే ఏడుపు లంకించుకుంది.

నేను ఒక్క పరుగున ఇంటికెళ్ళి, "నాన్నగారూ, ఎంత పని చేశారండీ! మేడమ్ ఉద్యోగం పోతుంది!" అని వీధిలోకి వినపడేలా అరిచాను. ఆయన కండువా వేసుకుని నాతో వచ్చేశారు. ఆ ఫ్లాపీ చూసి మొహం పాలిపోయింది. "కన్నులా మెరుస్తుంటే, అక్కడ పెడితే శుభమనుకున్నానమ్మా" అన్నారు. మేడమ్ ఆయన్ని ఒక్క మాట అంటే ఒట్టు. "నేనే లోపలికి వచ్చి చెప్పాల్సిందండీ. నేను వద్దంటే పూజే వద్దన్నట్టు అవుతుంది, మా దేవుడు వేరు కదా, నలుగురూ ఇంకోలా అనుకుంటారని భయపడ్డాను" అన్నారు. నాన్నగారు తల దించుకున్నారు.

మేడమ్, "విజయవాడలో మా సారు ఒకసారి కాఫీ పడిన ఫ్లాపీని కడిగారు. చూడ్డమే గానీ నేనెప్పుడూ చేయలేదు. పోతే ఎలాగూ పోతుంది" అన్నారు. కెమిస్ట్రీ ల్యాబు నుంచి శుద్ధి చేసిన నీళ్ళు తెప్పించారు. బ్లేడుతో ఫ్లాపీ అంచు కోసి లోపలి బిళ్ళని బయటికి లాగారు. అప్పడం కన్నా పల్చగా ఉంది. సబ్బు చుక్క వేసిన నీళ్ళలో ముంచి మెల్లగా ఆడిస్తే పసుపు కరిగి నీళ్ళలోకి దిగింది. ఆరబెట్టడానికి తువ్వాలు అందుకోగానే నాన్నగారు, "ఆగండమ్మా! రుద్దకండి" అని కేకేశారు. "అభిషేకం అయ్యాక స్వామివారికి తడి ఒత్తుతాం గానీ రుద్దం. రుద్దితే నగిషీలు అరుగుతాయి."

"అయితే మీరే ఒత్తండి పంతులుగారూ. నా చేతులు నిలవట్లేదు" అన్నారు మేడమ్. నన్ను ఇంటికి పంపి ఉతికిన మల్లుగుడ్డ తెప్పించారు. బిళ్ళని మేడమ్ అంచులు పట్టుకుని నిలబెడితే, నాన్నగారు ఊపిరి బిగబట్టి ఒక్కోచోట గుడ్డ ఆనించి తీశారు. కొత్త ఫ్లాపీ ఒకటి కోసి, దాని ఖాళీ తొడుగులో ఈ బిళ్ళని దూర్చారు. మిషను లోపల అంటిన పసుపుని స్పిరిట్ దూదితో తుడిచారు. ఫ్లాపీ పెట్టారు. మిషను మూలిగింది. ఆగింది. మళ్ళీ మూలిగింది. తెర మీద ఇంగ్లీషు ఏ అక్షరం వచ్చి, దాని పక్కన గీత టపటపా కొట్టుకుంది. మిషను లేచింది.

మేము పెట్టిన కేకలకి కింద ఆఫీసు వాళ్ళు పైకొచ్చారు. మేడమ్ మాత్రం అరవలేదు. వెంటనే కూర్చుని కొత్త ఫ్లాపీల మీదకి నకళ్ళు తీశారు. రెండో మిషను కూడా లేచింది. మర్నాడు పరీక్ష జరిగింది, అందరం గట్టెక్కాం. పరీక్షాధికారి నా ఉత్తరం చదివి, "ఈ లారీ వాడి బాధ బాగా రాశావమ్మా" అన్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆఫీసు గుమస్తా కోటేశ్వరరావు గారు ఈ సంగతంతా బసవపున్నారావు గారి చెవిన వేశారు. ఆయన మేడమ్‌ని గదికి పిలిచి, "మిషను ముంచబోయావంట! ఫ్లాపీలకి పసుపు పూస్తుంటే చూస్తూ నిలబడ్డావంట! నీకు ఆ వస్తువులు అప్పగించింది దేనికమ్మా? పరీక్ష అయిపోయింది, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు. మేడమ్, "అవునండీ, చూసుకోవాల్సింది నేనే" అన్నారట. మా నాన్నగారి పేరు ఎత్తలేదు. కానివ్వమన్నది బసవపున్నారావు గారేనని కూడా అనలేదు. గుమ్మం బయట విన్న పద్మ వచ్చి నాకు చెప్పింది. గుడికి పరిగెత్తాను.

నాన్నగారు గుడిలోంచి తడిపంచెతోనే, మేడమ్ ఇంకా నిలబడి ఉన్న బసవపున్నారావు గారి గదికి వచ్చేశారు. జీవితంలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. తోటల ఆసామి ముందు ఎప్పుడూ చేతులు కట్టుకునే నిలబడేవారు. ఆ రోజు కట్టుకోలేదు.

"ఆవిడ చెప్పబోయింది. మీరు కానివ్వమన్నారు, నేను కానిచ్చాను. మన ఇద్దరి మర్యాద పోకూడదని ఆవిడ నోరు మూసుకుంది. ఇవాళ కూడా మూసుకునే ఉంది. శిక్ష ఆవిడకా అండీ?"

బసవపున్నారావు గారు బల్ల మీద కాగితాలకి బరువు పెట్టే గాజు గుండుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. ఆయన కోపిష్టే గానీ అబద్ధాల మనిషి కాదు. ఆఖరికి తలెత్తకుండానే, "వెళ్ళి క్లాసు చెప్పుకోమ్మా" అన్నారు. మేడమ్ కొంగుతో కళ్ళు ఒత్తుకుని పైకొచ్చి, ఏమీ జరగనట్టు, "ఉత్తరాల పరీక్ష అయింది, ఇవాళ లెక్కలు వేసే లోటస్ ప్రోగ్రాం మొదలెడదాం" అన్నారు. నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. ఆవిడ లేకపోతే నేను ఇప్పటికీ ఇంట్లో కూర్చుని అందరి మీదా అరుస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు ఇదే కాలేజీ ఆఫీసులో నెల నెలా జీతాల పట్టీలు కొడుతున్నాను.

ఆ రోజు మేడమ్ లోటస్ అని బోర్డు మీద రాయడం ఇంకా పూర్తి కాలేదు, గుమ్మంలో నాన్నగారు. క్లాసంతా లేచి నిలబడింది. "కూర్చోండి, కూర్చోండి" అంటూ ఆయన వచ్చి ముందు బెంచీ మీద, పద్మ పక్కన, మా అందరి లాగే కూర్చున్నారు.

"ఆ ఫ్లాపీ ఎక్కడ పట్టుకోవాలో నాకు కూడా నేర్పండమ్మా" అన్నారు మేడమ్‌తో. "వచ్చే దసరాకి నేనే కదా పూజ చేయాల్సింది."

మేడమ్ ఒక ఫ్లాపీ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు అంచు దగ్గరకి జరిపి చూపించారు.